పేరు లేని సమాధి దగ్గర పిట్టకు పెట్టిన పూట

చెరుకు కొట్టేశాక పొలంలో మిగిలిన ఆకును తగలబెడితే వచ్చే పొగలో కొంచెం తీపి ఉంటుంది. బోధన్‌లో పుట్టినవాడికి ఆ వాసన తగిలితే చాలు, కళ్ళు మూసుకుని ఇల్లు చేరగలడు. రొమేనియాలో ఒక కొండమీద పనికి ఎక్కిన మొదటి ఉదయం పొగమంచులోంచి అలాంటి వాసనే వచ్చింది. ఎవరో రాలిన ఆకులు పోగేసి కాలుస్తున్నారు. నేనెక్కడున్నానో కాసేపు నాకే అంతుపట్టలేదు. ఇప్పుడు బోధన్‌లో మా అరుగు మీద కూర్చుని రాస్తుంటే కూడా అంతే. ఆ కొండ ఎక్కడో దూరదేశంలో కాక, వర్ని దారిలో కాలువ దాటగానే కుడిచేతి పక్కన ఉన్నట్టు ఉంటుంది.

నేను మేస్త్రిని. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మా ఊళ్ళో గోడలు లేపించేవాళ్ళు తగ్గిపోయారు. మావాళ్ళంతా ముందునుంచీ దుబాయ్, మస్కట్ బాట పట్టినవాళ్ళే. ఈ మధ్య రొమేనియా అనే మాట వినబడుతోంది. అక్కడ అపార్టుమెంట్లు కట్టే పని ఉందని నిజామాబాద్‌లో ఏజెంటు చెప్పాడు. తీరా వెళ్ళాక మా జట్టును వ్యాన్‌లో తీసుకెళ్ళి సమాధుల మధ్య దించారు. దుబాయ్‌లో మబ్బుల్ని తాకే బిల్డింగులు కట్టామని మా వాడకట్టువాళ్ళు కోతలు కోస్తుంటే, నేను బొందలగడ్డలో మేస్త్రినని ఏ ముఖంతో చెప్పను? ఇంట్లో కూడా కొన్నాళ్ళు చెప్పలేదు.

అది రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సిపాయిల శ్మశానం. రాతి శిలువలు వానకూ మంచుకూ నేల కుంగి, కల్లు తాగినవాళ్ళలా తలో వైపు వాలిపోయాయి. వాటిని ఒక్కొక్కటే లేపి, అడుగున తవ్వి, సున్నంతో పునాది వేసి, దారం గుండు పట్టుకుని నిటారుగా నిలబెట్టాలి. ఎంత పగిలినా కొత్త రాయి పెట్టకూడదు, ఉన్న రాయినే అతికించాలి. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత తర్వాత, పొద్దున్నే ఆ వరుసల మధ్య నడుస్తుంటే మనసుకు ఏదో మెత్తగా ఉండేది. రాళ్ళ మీది ఏళ్ళు లెక్కేస్తే, పోయినవాళ్ళంతా నా వయసువాళ్ళే, అంతకంటే చిన్నవాళ్ళే. చివరి వరుసలో మాత్రం పేర్లు లేవు. వాటిమీద ఏం రాసి ఉందని ఫోర్‌మన్‌ను అడిగితే, ఎవరో తెలియని వీరుడు అని ఉందన్నాడు.

ఆ చివరి వరుసకు రోజూ ఒక ముసలామె వచ్చేది. తలకు నల్ల రుమాలు, నడుముకు గుడ్డ. పేరు లేని శిలువల్లో ఒకదాని ముందే ఆగి, గడ్డి పీకి, సన్నటి మైనపు వత్తి వెలిగించేది. ఆమె కథ నాకు ఫోర్‌మన్ చెప్పాడు. ఆమె మేనమామ ఆ యుద్ధంలోనే రష్యా వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని ఆమె తల్లి ఈ పేరు లేనివాణ్ణి తమ్ముడు అనుకుని చూసుకుంది. పోతూ పోతూ కూతురికి అప్పజెప్పింది. ఇక్కడ మనం ఒకరికి వత్తి పెడితే, అక్కడ ఎవరో ఒకరు మనవాడికి పెట్టకపోతారా అని ఆ తల్లి అనేదట.

ఆదివారం వీడియో కాల్‌లో ఈ ముచ్చట మా నాయనమ్మకు చెప్పాను. ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అనే అంటాం. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, కత్తిరించిన ఆకులో తంబాకు వేసి చుడుతూ వింటోంది. వింటూ వింటూ చేయి ఆపేసింది. బీడీలు చుట్టేటప్పుడు అవ్వ చేయి ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

అవ్వ తండ్రి కూడా ఆ పెద్ద లడాయికే పోయాడు. అవ్వ అప్పటికి ఇంకా ఉయ్యాల్లోనే ఉందట. ఆయన ఏ పల్టన్‌లో చేరాడో, ఏ ఓడ ఎక్కాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అవ్వ తల్లి మాత్రం చూడని చావుకు ఏడ్చేది లేదని తెగేసి చెప్పి, బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు. ముసలిదై మా ఇంట్లోనే పోయింది. ముత్తైదువకు చేసినట్టే పసుపు పూసి, పూలు పెట్టి సాగనంపారు. అంటే ఊరి లెక్కలో ఆయన ఇంకా బతికే ఉన్నట్టు! నూరేళ్ళు దాటినా సరే, బతికున్నవాడికి బియ్యం ఇయ్యకూడదు. మా వైపు పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పోయినవాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. అవ్వ ఏటేటా అత్తకు, మామకు, తల్లికి, మొగునికి ఇస్తుంది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి చాట ఖాళీ. తోడబుట్టినవాళ్ళు లేరు. తాను పోతే ఆయన్ను యాది చేసుకునే మనిషే ఉండదని ఆమె బెంగ. బతికున్నవాళ్ళలోనూ లేక, పోయినవాళ్ళలోనూ లేక ఆయన నడిమధ్యన నిలబడిపోయాడని ఎన్నిసార్లు అందో.

అందుకే నాకు ఒక పని చెప్పింది. పెత్రమాస ఇంకా కొన్ని రోజులుంది. అంతలోపు ఆ పేరు లేనివాళ్ళలో ఒకరి దగ్గర తన తండ్రి పేరున పిట్టకు పెట్టమంది. ఎవరైనా పోతే మేం వాళ్ళకు ఇష్టమైనవి వండి బయట పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకుంటాం. ముట్టిందంటే పోయినవాళ్ళకు తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. పిట్ట ముట్టిందంటే ఇక ఆయన పోయినట్టే. అప్పుడు తాను ధైర్యంగా బియ్యం ఇస్తుంది.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నీ తండ్రి తెల్లదొరల వైపు, వీళ్ళు ఆ లడాయిలో చానా రోజులు అవతలి వైపు, ఈయన ఆయనెట్లా అవుతాడని వాదించాను. అవ్వ బీడీ దారం పంటితో తెంపి అంది.

"పేరు లేదంటివి గద బిడ్డా. పేరు లేనోడు ఎవడన్న గావచ్చు. ఇంక గాళ్ళు మట్టిల పండుకోని కొట్లాడుతున్నరా?"

తర్వాతి ఆదివారం మేముండే గదిలో అన్నం వండాను. ఆయనకు ఏది ఇష్టమో అవ్వకు తెలిసింది ఒక్కటే, తల్లి చెప్పగా విన్నది. బెల్లం వేసిన అన్నం. అక్కడ బెల్లం దొరకక చక్కెర కలిపాను. నేను ఊరి నుంచి బయల్దేరేటప్పుడు అవ్వ తన చేత్తో చుట్టి సంచిలో దోపిన బీడీ కట్టలోంచి ఒక బీడీ పక్కన పెట్టాను. ముసలామె చూసుకునే సమాధి వదిలేసి, దాని పక్కదాని ముందు కాగితం పళ్ళెం ఉంచి, ఫోను రాయికి ఆనించి వెనక్కి జరిగాను. నాకు పొద్దున, బోధన్‌లో మధ్యాహ్నం. తెరలో అవ్వ, మా నాయన, అమ్మ ఒకరి మీద ఒకరు వంగి చూస్తున్నారు.

మంచు ఇంకా విడలేదు. అక్రోట్ చెట్టు మీద కాకులు లేకపోలేదు. తలలు పక్కకు తిప్పి చూశాయే తప్ప ఒక్కటీ దిగలేదు. అలాంటప్పుడు పోయినవాళ్ళ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వడం మా ఆచారం. అవ్వను బాగా చూసుకుంటామని మా నాయన అన్నాడు. పిల్లలను చదివిస్తామని అమ్మ అంది. కాకులు కదల్లేదు. ఆయన కోరిక మాకెవరికి తెలుసు? ఆయన ముఖమే ఎవరికీ తెలియదు. మాటలు అయిపోయాక అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ ఫోనుకు దగ్గరగా జరిగింది.

"బాపూ, అమ్మ సచ్చేదాంక నీ తొవ్వ సూసింది. ఇగ నీ తొవ్వ సూసేటోళ్ళు లేరు. తిను."

అప్పుడే మంచులోంచి ఆ ముసలామె వచ్చింది. తన శిలువ దగ్గర వత్తి వెలిగించి, ఇటు తిరిగి పళ్ళాన్ని చూసింది. నన్ను చూసింది. తన భాషలో మెల్లగా ఒక మాట అని, పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని, సమాధి గట్టు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

పిట్టకు పెట్టిన అన్నం మనిషి ముట్టకూడదు. పిట్ట రాకపోతే ఆవుకు పెట్టాలి, లేదా నీళ్ళలో కలపాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై ఏళ్ళకు పైగా ఆగిన పనిని ఈమె ఒక్క ముద్దతో పాడుచేసిందే అని, ఆ పళ్ళెం లాక్కోవాలనిపించింది. చేయి చాపాను కూడా. కానీ ఆమె తినే తీరు చూసి ఆగిపోయాను. ఆకలితో తినడం కాదది. ఒక్క మెతుకు కింద పడకుండా, ఎవరో అప్పజెప్పిన పని చేస్తున్నట్టు తింటోంది. తర్వాత ఫోర్‌మన్ చెప్పాడు, వాళ్ళ దగ్గర పోయినవాళ్ళ పేరున పెట్టింది పిట్టలు కాదు, మనుషులే తినాలట. ఆమె అన్న మాటకు, దేవుడు పోయినవాళ్ళను క్షమించాలి అని అర్థమట. ఎవరూ తినకపోతే పోయినవాడికి చేరదట.

అప్పటికి అదేమీ నాకు తెలియదు. తెరలో మావాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆమె ఎవరని అవ్వ అడిగింది. నేను ముందు చెప్పిన మనిషే, లడాయిలో మేనమామ పోతే సమాధి దొరకనామె అన్నాను. అవ్వ ఫోను చేతిలోకి తీసుకుంది.

"అంత తిన్నదా?"

తిన్నది అన్నాను. పళ్ళెం ఖాళీగా ఉంది. బీడీని ముసలామె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, జాగ్రత్తగా నడుముగుడ్డ జేబులో వేసుకుంది.

"అయితే ముట్టింది. అమాసకు బియ్యం ఇస్త."

అని అవ్వ ఫోను కింద పెట్టేసింది. ఫోను చాప మీద వెల్లకిలా పడింది కాబోలు, తెర నిండా మా ఇంటి దూలాలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. తర్వాత అవ్వ శోకం తీసింది. చావు ఇంట్లో ఆడవాళ్ళు మాటలు అల్లుకుంటూ ఏడ్చే ఏడుపు. ఊళ్ళో ఎవరెవరి చావుకో వెళ్ళి ఏడ్చి వచ్చిన మనిషి, తన తండ్రికి అదే మొదటిసారి ఏడవడం. నన్నెత్తుకోకపోతివి బాపూ, నీ మొకం నేను సూడకపోతిని బాపూ అంటూ ఎనభై దాటిన మనిషి చంటిపిల్లలా ఏడుస్తోంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ముసలామెకు మాట అర్థం కాకపోయినా ఏడుపు అర్థమైంది. గట్టు మీంచి లేచి, శిలువ గీసుకుని, ఫోను ముందు తలవంచి నిలబడింది.

తెరలో తలుపు చప్పుడైంది. ఏడుపు విని, మేం ఖాలా అని పిలిచే ఎదురింటి ముస్లిమామె పరుగున వచ్చినట్టుంది. మనుషులు కనబడటం లేదు, దూలాలే. గొంతు మాత్రం వినబడింది. ఎవరు పోయారని అడుగుతోంది.

"మా బాపు పోయిండు."

"ఎప్పుడక్కా?"

"ఇప్పుడే."

కాసేపు ఇద్దరి ఏడుపూ కలిసి వినబడింది. తర్వాత ఖాలా మా అమ్మతో, ఈ పూట మీరు పొయ్యి ముట్టియ్యకుండ్రి, నేను వండుకొస్త అని చెప్పింది.