కుడి చెంప

ఆయన ఏ పని చేసినా సగమే చేస్తాడు. బద్ధకం కాదు, మతిమరుపూ కాదు. అది ఆయన పద్ధతి. ఒక సగానికి చెయ్యవలసింది చేసి, రెండో సగాన్ని వేలితో కూడా తాకకుండా వదిలేస్తాడు. "రెండోది ఉన్నదున్నట్టు ఉంటేనే కదా, మొదటిదానికి ఏం ఒరిగిందో తెలిసేది!" అంటాడు. చర్మానికి రాసుకునే క్రీములు తయారుచేసే కంపెనీలో శాస్త్రవేత్త. ఆఫీసులో అందరూ పిలిచే పేరు సగం సారు. ఇంట్లో ఆయన భార్య మాత్రం ఏమైనా అనదలుచుకుంటే పూర్తిగానే అంటుంది.

అనడానికి ఆవిడకి కారణాలు తక్కువేం కాదు. హాలుకి రంగు వేయించమని ఏడాదిపాటు పోరితే, ఒక ఆదివారం పొద్దున్నే తనే నిచ్చెనెక్కి, ఎదురు గోడకి సరిగ్గా సగం దాకా నీలం రంగు వేసి దిగిపోయాడు. ఇంటికి వచ్చినవాళ్ల కళ్లన్నీ ఆ గోడ మీదే.

"రంగు చాలలేదాండీ?"

"ఎందుకు చాలలేదూ! ఇంకో డబ్బా నిండుగా ఉంది," అనేవాడు సంతోషంగా.

వాళ్లు గోడని వదిలేసి ఆవిడ వైపు జాలిగా చూసేవాళ్లు. ఆవిడ కుర్చీకి ఎదురుగా ఉన్నది నీలం సగం. అదొక్కటే నయం.

బూట్లలో ఎడమదానికే పాలిష్. దోమలమందు కొత్తరకం వచ్చిందంటే మంచానికి ఆవిడ వైపే పెట్టేవాడు, తన వైపు ఏమీ ఉండేది కాదు. తెల్లారి లేవగానే, "నిన్నేమైనా కుట్టాయా?" అని అడిగేవాడు.

"ఒక్కటీ కుట్టలేదు."

"భేష్! పనిచేస్తోంది," అనేవాడు, వీపు గోడకేసి రుద్దుకుంటూ.

ఇద్దరికీ ఒకేసారి దగ్గు పట్టుకుంటే మందు ఆవిడకి, దగ్గు ఆయనకి. కొత్త దిండు ఆవిడకి, పాత దిండు ఆయనకి. "ఇల్లంతా లాబ్ చేసి పారేశారు. మనుషుల్లా ఇద్దరం ఒకే మందు తాగలేమా?" అని ఆవిడ విసుక్కునేది.

ఇక ఆయన మొహం సంగతి. ఎన్నో ఏళ్లుగా ప్రతి కొత్త క్రీమూ ముందు ఆయన ఎడమ చెంప మీదికే వచ్చేది. కుడి చెంప నీళ్లు తప్ప మరొకటి ఎరగదు. అందుచేత ఎడమవైపు నుంచి చూస్తే నలభై, కుడివైపు నుంచి చూస్తే అరవై. బస్సులో ఎడమపక్కవాళ్లు "కాస్త జరుగు బ్రదర్" అని తోసేవాళ్లు. కుడిపక్కవాళ్లు "కూర్చోండి పెద్దాయనా" అని లేచి నిలబడేవాళ్లు.

"అక్కా, బావగారు పెళ్లిచూపులకి వచ్చినప్పుడు నిన్ను పూర్తిగా చూశాడా, సగమే చూశాడా?" అనేది ఆవిడ చెల్లెలు.

"పూర్తిగానే చూశాడు. అప్పటికింకా ఉద్యోగం రాలేదు."

ఈ అక్కాచెల్లెళ్లిద్దరిదీ వీధి మలుపులో రొట్టెల దుకాణం. చెల్లెలు కౌంటరు చూసుకుంటే, అక్క ఓవెన్ ముందు నిలబడుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ సెగంతా మొహానికి కొట్టి, చలికాలం వచ్చిందంటే ఆవిడ చెంపలు బీటలు వారేవి. నవ్వితే మండేవి. చెల్లెలు జోకు మొదలుపెట్టగానే "వద్దే తల్లీ, నవ్వించకే" అని రెండు చేతులతో చెంపలు పట్టుకునేది.

అలాంటి ఒక చలికాలం ఆయన లాబ్‌నుంచి తెల్లటి డబ్బా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఈ వయసులో నాకెందుకండీ సోకులు? ఓవెన్ ముందు నిలబడేదాన్ని ఎవరు చూడొచ్చారు?" అని ఆవిడ దాన్ని చెల్లెలికి ఇచ్చేసింది. ఆయన ఇంకో డబ్బా తెచ్చాడు. దాన్ని ఓవెన్ తలుపు బందులకి రాసింది. ఆ తలుపు మళ్లీ కిర్రుమంటే ఒట్టు.

మూడో డబ్బా తెచ్చిన రోజు ఆయన ఇంటికి కూడా ఆఫీసు మొహంతోనే వచ్చాడు.

"ఇది నీ కోసం కాదు. పరీక్ష. రోజూ పొద్దునా సాయంత్రం ఎడమ చెంపకి రాసుకోవాలి. కుడి చెంపకి మాత్రం తగలకూడదు."

"కుడి చెంప ఏం పాపం చేసింది?"

"అది పోలికకి."

"అది కూడా నా మొహంలోదే కదండీ!"

"సైన్సుకి అవన్నీ పట్టవు," అన్నాడాయన.

ఆయన ఉద్యోగం పని అంటే ఆవిడ కాదనదు. చెప్పినట్టే రాసుకుంది. వారం తిరిగేసరికి ఎడమ చెంప మీద బీటలు పూడిపోయి, వెన్నలా తయారైంది. కుడి చెంప ఎండిన రొట్టెముక్కలాగే ఉంది. అద్దంలో చూసుకున్నకొద్దీ కుడి చెంప ఆవిడ వంక సవతి కూతురిలా చూడసాగింది. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లగానే ఆవిడ వేలు డబ్బాలోకి పోయింది. అక్కడినుంచి కుడి చెంప మీదికి పోయింది. ఆ తరవాత రోజూ పోతూనే ఉంది.

అప్పుడప్పుడూ ఆయన లాబ్‌నుంచి పెన్నులాంటి పరికరం తెచ్చేవాడు. చెంపకి ఆనిస్తే చర్మంలో తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. అది తెచ్చిన రోజు ఆవిడ గబగబా వెళ్లి కుడి చెంపని తువ్వాలుతో తోమేసుకుని వచ్చేది. ఆయన ఎడమ కొలిచి "ఊఁ" అనేవాడు. కుడి కొలిచి "ఊఁ ఊఁ" అనేవాడు.

"ఎలా ఉందండీ?"

"పరీక్ష మధ్యలో చెప్పకూడదు."

ఒక్క చెంపకి డబ్బా ఇంత తొందరగా ఎలా అయిపోతోందని అడుగుతాడేమోనని ఆవిడ మంచి అబద్ధం ఒకటి సిద్ధం చేసి పెట్టుకుంది. ఆయన ఏనాడూ అడగలేదు. అబద్ధం వృథాగా పడి ఉంది.

ఇలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

"రేపు పెద్దసారు ఆ క్రీమ్ సంగతి తేల్చేస్తాడట. దానికి రంగు లేదు, వాసన లేదు, ఎవరు కొంటారంటున్నాడు. తేడా కళ్లకి కనబడితే బజారుకి వెళ్తుంది. లేకపోతే దాన్ని అటకెక్కించి, నన్ను గులాబీ సబ్బుల విభాగంలో వేస్తారు."

గులాబీ వాసన తగిలితే ఆయనకి సాయంత్రం దాకా తుమ్ములు. ఆ మాట అంటూనే ఒకసారి తుమ్మాడు కూడా.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి ఫోనొచ్చింది. పెద్దసారు సెక్రటరీ.

"మేడం, ఇవాళ మీటింగుకి మీరు రావాలట. కాగితాల మీది అంకెలు మా సారుకి ఎక్కవు. మీరు ఏళ్ల తరబడి ఒక్క చెంపకే రాసుకుంటున్నారని ఆఫీసులో అందరూ అనుకుంటారు కదా, ఆ చెంపలు కళ్లారా చూస్తానంటున్నారు. మీ ఆయనకి మాత్రం చెప్పకండి. ముందే తెలిస్తే తయారుచేసి తీసుకొస్తారట."

ఆవిడ ఫోన్ పెట్టేసి పిండి బస్తా మీద కూలబడింది.

"నా రెండు చెంపలూ కవల పిల్లల్లా ఉన్నాయే! వాళ్లు చూస్తే క్రీమ్ పనిచెయ్యదంటారు. ఆయన కష్టమంతా నా వేలు తినేసింది."

"పోయి నిజం చెప్పెయ్ అక్కా."

"చెబితే, ఇంట్లో పెళ్లాన్నే అదుపులో పెట్టుకోలేనివాడు పరీక్షలేం చేశాడని నవ్వరూ?" అని ఆవిడ చటుక్కున లేచింది. తడిగుడ్డ తీసుకుని ఎడమ చెంపకి చుట్టుకుంది. ఓవెన్ తలుపు తీసి, కుడి చెంప దానికి ఎదురుగా పెట్టి నిలబడింది.

"అక్కా! రొట్టెలు కాలుస్తున్నావా, మొహం కాలుస్తున్నావా?"

"నువ్వు నోరు మూసుకుని టైము చూడు. మాడకముందే చెప్పు."

"బన్నుకి చూసే టైమా, బిస్కెట్టుకి చూసే టైమా?"

అంతలో బ్రెడ్డు కోసం వచ్చిన పక్కింటి టైలరు ఆ దృశ్యం చూసి, పంటినొప్పి కాబోలనుకుని లవంగం పెట్టుకోమని సలహా ఇచ్చి వెళ్లాడు.

మీటింగు గదిలోకి అడుగుపెట్టగానే ఆయనకి మొదట కనబడింది భార్య. ఎడమ చెంప వెన్న, కుడి చెంప బీట్‌రూటు.

"నువ్వేంటి ఇక్కడ?"

"నేనే పిలిపించాను," అన్నాడు పెద్దసారు. పరికరం తనే తీసుకుని ఆవిడ ఎడమ చెంపకి ఆనించాడు. అంకె నిండుగా వచ్చింది. కుడి చెంపకి ఆనించాడు. అంకె పాతాళంలో ఉంది. పెద్దసారు కుర్చీలోంచి గభాల్న లేచాడు.

"అబ్బబ్బ! ఇంత తేడానా! ఇంకా ఆలోచించేదేముందయ్యా, రేపే తయారీ మొదలుపెట్టండి!"

గదంతా చప్పట్లు. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆయన కూడా అప్పుడు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన లేచి, వంగి, భార్య కుడి చెంపని ఎగాదిగా చూశాడు. వాసన కూడా చూశాడు.

"సార్, ఈ తేడా చెల్లదు."

ఆవిడ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. పాలిష్ చేసిన బూటు మీదే తొక్కింది.

"ఎందుకు చెల్లదు?" అన్నాడు పెద్దసారు.

"ఈ చెంప రొట్టె వాసనేస్తోంది సార్. చెవి వెనక పిండి కూడా ఉంది. ఇది ఎండిపోయిన చెంప కాదు, ఇవాళ పొద్దున ఓవెన్ ముందు కాల్చిన చెంప. మామూలుగా ఈవిడ చెంపలు రెండూ ఒక్కలాగే ఉంటాయి."

"అంటే నీ క్రీమ్ పనిచెయ్యదనా?"

ఇక ఆవిడ ఆగలేకపోయింది.

"ఎందుకు పనిచెయ్యదండీ? బ్రహ్మాండంగా పనిచేస్తుంది! నేనే రెండు చెంపలకీ రాసుకుంటున్నాను. మొదటి వారం తరవాత నుంచీ దొంగతనంగా రాసుకుంటున్నాను. ఒక చెంప చల్లగా హాయిగా ఉంటే రెండో చెంపని ఏడవనిస్తామా? మీరైతే ఊరుకుంటారా?"

ముందు సెక్రటరీ పక్కున నవ్వింది. తరవాత అందరూ నవ్వారు.

"బాగానే ఉంది. మరి రాసుకోని చెంప ఎక్కడుంది? నేను దేన్ని చూసి నమ్మాలి?" అన్నాడు పెద్దసారు.

"పరీక్షకి ఒప్పుకున్నవాళ్ల ఫొటోలన్నీ తెచ్చాను సార్. ఇప్పటికిప్పుడు కళ్లారా చూడాలంటే..." అని ఆయన మొహం పక్కకి తిప్పాడు.

పెద్దసారు కుర్చీ ఎప్పుడూ ఆయనకి ఎడమవైపే. ఇన్నేళ్లలో ఆ కుడి చెంపని పరీక్షగా చూడటం అదే మొదటిసారి. చూసి "ఓరి నాయనో" అన్నాడు. పరికరం ఆనించి చూశాడు. ఫొటోలు ముందేసుకుని ఒక్కొక్కటే చూశాడు. చివరికి ఆవిడ వైపు తిరిగాడు.

"దొంగతనంగా రాసుకునేటంత బాగుంటుందామ్మా?"

"డబ్బా మీ చేతికిస్తే మీకే తెలుస్తుంది."

"అయితే బజారుకి పంపండి. నాకూ ఒక డబ్బా ఇవ్వండి," అన్నాడు పెద్దసారు.

"ఎడమ చెంపకే సార్," అన్నాడాయన.

"అలాగే అలాగే," అన్నాడు పెద్దసారు. ఆ గదిలో ఎవరూ నమ్మలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కంపెనీ కారు సిగ్నల్ దగ్గర ఆగాక ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"నేను రెండు చెంపలకీ రాసుకుంటున్నానని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటిసారి కొలిచినప్పుడే. తువ్వాలుతో తోమితే తేమ పోదు, చెంప ఎర్రబడుతుందంతే. ఆ రోజే నిన్ను పరీక్షలోంచి తీసేశాను."

"తీసేశారా? మరి ఇన్నేళ్లూ ఆ పెన్ను పెట్టి ఊఁ ఊఁ అన్నదేమిటి?"

"అనకపోతే డబ్బా తీసుకుంటావా నువ్వు? మొదటి డబ్బా ఏం చేశావు?"

"చెల్లికిచ్చాను."

"రెండోది?"

"ఓవెన్ తలుపుకి రాశాను."

"చూశావా? రెండు చెంపలకీ రాసుకోమంటే నువ్వు ఒక్క చెంపకీ రాసుకునేదానివి కాదు. ఒక్క చెంపకే రాసుకోమన్నాను కాబట్టి రెండింటికీ రాసుకున్నావు."

కొత్త దిండు, దగ్గు మందు, తెల్లారి ఆయన గోడకేసి రుద్దుకునే వీపు, తన కుర్చీకి ఎదురుగా నీలం గోడ, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆవిడకి గుర్తొచ్చాయి. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. కాలిన చెంప మండి, "అబ్బా" అని పట్టుకుంది.

"నవ్వకు, చిట్లుతుంది," అన్నాడాయన.

ఇంటికి రాగానే ఆవిడ డబ్బా మూత తీసి ఆయన్ని కుర్చీలో కూలేసింది.

"కుడి చెంప ఇటు తిప్పండి. పరీక్ష అయిపోయింది."

"వద్దు వద్దు, ఇంకో బ్యాచ్ ఉంది..."

"నోరు మూసుకోండి, నోట్లోకి పోతుంది," అని ఆ అరవయ్యేళ్ల చెంపకి దిట్టంగా పట్టించింది. తన కుడి చెంపకీ రాసుకుంది.

ఆయన దిగాలుగా చెంప తడుముకున్నాడు. తరవాత సంచీలోంచి ఇంకో డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మామూలు డబ్బాకి రెండింతలుంది. వెంటనే ఆఫీసు మొహం పెట్టుకున్నాడు.

"ఇది చేతులకి. కొత్తది. ఎడమ చేతికి మాత్రమే. కుడి చేతికి తగలకూడదు. తెలిసిందా?"

"తెలిసిందండీ. ఎడమ చేతికే," అంది ఆవిడ బుద్ధిగా, డబ్బాని రెండు చేతులా అందుకుంటూ.