మంచుబండి పుస్తకం, మా నాన్న ప్లగ్గు

అసూయ అనేది ఇతరులకు పట్టే జబ్బని, నాకున్నది న్యాయబుద్ధి మాత్రమేనని నమ్మిన రోజులవి. మా బావను ఎవరైనా మెచ్చుకుంటే నాకు కడుపులో మంట పుట్టేది. అన్యాయాన్ని చూసి సహించలేకపోతున్నాననుకునేవాణ్ణి. బావ మా మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మా తాతలు రబ్బరు తోటల పనికి సముద్రం దాటి వచ్చిన సుంగై పెటానిలో ఒక చీనా తౌకే దగ్గర, అంటే షాపు యజమాని దగ్గర, మోటార్‌సైకిళ్ళు బాగుచేసేవాడు. నేను అదే ఊళ్ళో చేతి తొడుగుల ఫ్యాక్టరీలో గుమస్తాను. నాకు చదవడం వచ్చు, ఆయనకు చెయ్యడం వచ్చు. మా నాన్న రబ్బరు తోటలో ముప్ఫయ్యేళ్ళు కిరాణీగా రాతకోతలు చూసిన మనిషి. అలాంటివాడు చదివేవాడి పక్షాన నిలబడాలా వద్దా? ఆయన మాత్రం ఇంటికి ఎవరొచ్చినా, "మా మేనల్లుడికి ఇంజినుతో మాటలున్నాయి. అది సెప్తాది, ఈడు ఇంటాడు," అనేవాడు. కొడుకు సంగతి అడిగితే, "ఉన్నాడు. సదువుకుంటాడు," అనేవాడు. నాకేదో నయంకాని రోగం ఉన్నట్టు.

నాన్నకు పాత టూ స్ట్రోకు మోటారు ఒకటి ఉండేది (మా వైపు మోటార్‌సైకిల్‌ను మోటారనే అంటారు). ముందు బుట్టలో కూరగాయలు, వెనక అమ్మ, గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగం. అంతకు మించితే గాలికి చెవులు పోతాయని ఆయన నమ్మకం. ఆ ఏడు ఉగాదికి ముందు ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు: "పండక్కి కారొస్తాది. మోటారు, దాన్ని సూసుకోగలిగినోడికి ఇచ్చేస్తాను."

"కొడుకున్నాడు గదా," అంది అమ్మ.

"ఉన్నాడు," అన్నాడు నాన్న, మజ్జిగ పోసుకుంటూ.

ఆ తాళంచెవి నాకు రావాలి. మోటారు కోసం కాదు, ఫ్యాక్టరీ బస్సు మా వీధి చివరే ఆగేది. అది బావకు పోతే, నాన్న మనసులో ఎవరున్నారో ఊరందరికీ తెలిసిపోతుంది. నాకు ముందే తెలుసు, అది వేరే సంగతి.

మోటారుకున్న రోగమల్లా ఒకటే. సిగ్నల్ దగ్గర ఆగితే చచ్చిపోయేది. ప్రతి శనివారం బావ వచ్చి స్పార్క్ ప్లగ్గు విప్పి, బొగ్గులా నల్లబడిన దాని మూతిని ఇనప బ్రష్షుతో తోమి బిగించేవాడు. "కొంచెం గట్టిగా తోలండి మావయ్యా, మసి కాలిపోతాది," అనేవాడు. నాన్న తోలేవాడు కాదు. మళ్ళీ శనివారం బావ, మళ్ళీ బ్రష్షు, మళ్ళీ పొగడ్తలు.

అప్పుడు నాకు పాతపుస్తకాల కొట్లో ఒక పుస్తకం దొరికింది. అట్ట మీద బొచ్చుటోపీ పెట్టుకున్న దొర ఒకడు చక్రాల్లేని బండి మీద కూర్చుని మంచులో దూసుకుపోతున్నాడు. ఆ మంచుబండికి సరైన ప్లగ్గు ఎంచుకోవడం మీద నలభై పేజీలున్నాయి. మధ్యాహ్నం సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా నిలబడలేని మా ఊళ్ళో, ఫ్యాను కింద బనీనుతో కూర్చుని ఆ నలభై పేజీలూ మూడుసార్లు చదివాను. సారాంశం ఇది. మంచుబండిదీ టూ స్ట్రోకు ఇంజినే. ప్లగ్గుల్లో వేడివీ చల్లవీ ఉంటాయి. వేడి ప్లగ్గు తన మూతిలో వేడిని నిలుపుకొని మసిని కాల్చేస్తుంది, నెమ్మదిగా పోయేవాడికి అది మంచిది. చల్లది వేడిని బయటికి పంపేస్తుంది, జోరుగా పోయేవాడికి అదే పెట్టాలి. జోరుగా పోయేవాడు పొరపాటున వేడి ప్లగ్గు పెట్టుకుంటే పిస్టన్ కరిగిపోతుందని నల్లటి గీతల మధ్య హెచ్చరిక కూడా ఉంది. (అదీ మూడుసార్లు చదివాను. ఈ సంగతి తర్వాత నాకే అవమానమైంది.)

పుస్తకం చంకన పెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళాను. "నాన్న మోటారుకి ఒక మెట్టు వేడి ప్లగ్గు కావాలి," అన్నాను డాక్టరులా.

బావ పుస్తకం తిరగేసి అట్ట చూశాడు. "ఇదేటిరా, మంచులో తోలేదా?"

"ఇంజిను ఇంజినే."

"అదీ నిజమే లా," అన్నాడు (ఇక్కడ ఏ భాష మాట్లాడినా మాట చివర ఒక 'లా' తగిలిస్తాం). వాదించలేదు. వాదిస్తే బాగుండేది. పెట్టెలో వెతికి ఒక ప్లగ్గు తీసి బిగించాడు. మరుసటి వారమంతా మోటారు ఒక్క సిగ్నల్ దగ్గరా చచ్చిపోలేదు. నాన్న మెరిసిపోతూ ఇంటికొచ్చి, "సూసినావా, మీ బావ సెయ్యి పడింది!" అన్నాడు.

బావ అక్కడే ఉన్నాడు. "నేను కాదు మావయ్యా. ఈడే పుస్తకం సదివి సెప్పినాడు."

నాన్న అమ్మవైపు తిరిగాడు. "సూడు, ఎంత మంచోడో. పేరు కూడా తనకొద్దంటాడు."

అలాంటి మనిషితో ఎలా పోటీ పడాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఉగాది ముందురోజు ఇద్దరినీ వేపపువ్వుకు పంపారు. మెర్బోక్ వైపు పాత తోటలో ఒక వేపచెట్టుంది. మా వాళ్ళందరి పచ్చడికీ అదే ఆధారం. నేను నాన్న మోటారు మీద, బావ తన మోటారు మీద వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద ఆయన నన్ను దాటాడు. దాటుతూ నవ్వాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది మామూలు నవ్వే. కానీ ఆనాడు అందులో తాళంచెవి కనిపించింది. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పాను. నాన్న మోటారు పుట్టాక అంత జోరుగా ఎన్నడూ పరిగెత్తి ఉండదు. అయిదు నిమిషాలు అలాగే పోయాను, బావను దాటాను. వెనక ఆయన చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఓడిపోయినవాడు అరవకేం చేస్తాడు అనుకున్నాను. ఇంజిన్లో డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

బావ వచ్చి ఆగాడు. ప్లగ్గు చల్లారేదాకా కూర్చుని, విప్పి, అరచేతిలో పెట్టి చూపించాడు. మూతి బూడిదలా తెల్లగా ఉంది, దానికి కరిగిన లోహం చుక్కలు అంటుకున్నాయి.

"ప్లగ్గు, ప్లగ్గు, తగ్గించు అని అరిసినాను గదరా. ఇది మావయ్యకి పెట్టినాం. నీకు కాదు."

అంతే అన్నాడు. తర్వాత నన్ను ఆ చచ్చిన మోటారు మీద కూర్చోబెట్టి, తన మోటారు మీంచి ఎడమకాలు చాపి నా వెనక ఫుట్‌రెస్టుకు ఆనించి తోసుకుంటూ ఊళ్ళోకి తెచ్చాడు. మా దేశంలో ఇది రోజూ కనబడేదే, ఎవరూ వింతగా చూడరు. కాఫీ కొట్టు ముందు కూర్చున్న బావ తౌకే మాత్రం లేచి నిలబడి, "అయ్యో, పుస్తకం వచ్చింది!" అన్నాడు. మావాళ్ళతో ఆయన తమిళంలోనే మాట్లాడేవాడు, ఆ రోజు వర్క్‌షాపులో నా పుస్తకం చూసినవాడే.

ఆ సాయంత్రమే బావ ఇంజిను విప్పాడు. పిస్టన్ నడినెత్తిన బొటనవేలు పట్టేంత కన్నం. కొత్తది వేసి, చల్ల ప్లగ్గు బిగించి, నాన్నతో, "పిస్టన్ పాతబడింది మావయ్యా, మార్సేసినాను," అన్నాడు. నాన్న నావైపు చూశాడు. నేను వేపపువ్వు ఏరుతున్నాను.

మర్నాడు పచ్చడి తిన్నాక నాన్న జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు! వెంటనే బావ మొహం చూశాను. ఆ మొహంలో కాస్త అసూయ కనిపిస్తే పండగ పూర్తయ్యేది. ఆయన రెండోసారి పచ్చడి వేసుకుంటున్నాడు.

ఆ మోటారును పదకొండేళ్ళు నడిపాను. ఒక్క నెలా సరిగా నడవలేదు. ఒక శనివారం చప్పుడు, ఇంకో శనివారం పొగ. ప్రతిసారీ వర్క్‌షాపుకు వెళ్ళేవాణ్ణి. నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుంటే బావ పని చేస్తూ, "ఈ వారం ఏటి సదివినావురా?" అని అడిగేవాడు. చదివిందంతా చెప్పేవాణ్ణి. సాయంత్రానికి మోటారు బాగయ్యేది, మరో శనివారానికి మళ్ళీ చెడేది. నాకది రహస్యమైన ఆనందం. ఊళ్ళో ఏ మోటారునైనా లొంగదీసే మనిషికి నా మోటారు ఒక్కటి లొంగలేదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆయన ముందే ఆ మాట చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వేవాడు.

రెండు నెలల కిందట బావ పోయాడు. గుండె. పదకొండో రోజు భోజనాల దగ్గర ఆయన భార్య (నేను అక్కా అంటాను) వడ్డిస్తూ నా దగ్గర ఆగింది.

"ఆ మోటారు ముందు మీ బావకే ఇస్తానన్నారు మీ నాన్న. నీకు తెల్దా?"

తెలియదన్నాను.

"వద్దన్నారు. ఈడికి ఇయ్యండి మావయ్యా, లేపోతే ఇంట్లో కూకుని పుస్తకాలు సదూతాడు, నా దగ్గిరికి రాడు అన్నారట." గరిటె పట్టుకుని నవ్వింది. "నువ్వొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కొంచెం వదులుగా ఉంచేసేవోరు. పూరా బాగుసేస్తే మళ్ళీ రాడు లా, అనేవోరు."

నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. కోపం. నా జీవితంలో బావ మీద గెలిచిన ఒకే ఒక్క గెలుపు కూడా ఆయన పెట్టిన భిక్షేనన్నమాట. మీసం నెరిసిన మనిషిని, చనిపోయిన మనిషి మీద అసూయతో విస్తరి ముందు కూర్చున్నాను.

పంక్తిలో ఒక్కొక్కరూ ఆయన తమకేం బాగుచేసి పెట్టాడో చెబుతున్నారు. నా వంతు వచ్చింది. "నా మోటారును మాత్రం ఆయన బాగుచెయ్యలేకపోయాడు," అన్నాను, ఎప్పటిలాగే. అందరూ నవ్వారు. అక్క నావైపు చూసి, నా విస్తట్లో ఇంకో గారె వేసింది.