వడిసెల పట్టిన చెయ్యి

చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎత్తండమ్మా అన్నాడు మొన్న, భుజం నొప్పికి చూపించుకున్న డాక్టరు. చెవిదాకా లేచి ఆగిపోయింది. ఈ వయసుకు ఇంతే, ఇక పైకెత్తకండి అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ చెయ్యి ఎత్తొద్దన్న మొదటి మనిషి ఆయన కాదు మరి.

పంతొమ్మిదివందల యాభైల్లో మా పిన్నమ్మ కడపలో ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరు. కమలాపురం దగ్గరి మా పల్లె నుంచి వచ్చి, ఆమె ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఎండ ముదరకముందే బడి వెనక గట్టినేలలో వల కట్టి, ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ నేర్పేది. కిందినుంచి లేపే దెబ్బకు చేటతో చెరిగినట్టు మణికట్టు ఆడించమనేది. ఎడమవైపు వచ్చే బంతిని ఈగను తోలినట్టు చేతి వెనకవైపుతో కొట్టమనేది. అవి ఇట్టే పట్టుబడ్డాయి. తలపైనుంచి కొట్టే దెబ్బ మాత్రం ఒక్కరికీ రాలేదు. వచ్చేదెట్లా? చెయ్యెత్తడానికే సిగ్గుపడి, ఓణీ సర్దుకుంటూ బంతిని వదిలేసేవాళ్లం. పిన్నమ్మ విసిగిపోయి, జొన్నచేలో పిట్టల మీదికి వడిసెల తిప్పలేదా, అట్లా కొట్టమంది. అది నాకు వెన్నతో పెట్టిన విద్య. గిర్రున తిప్పి, రాయి విసిరే అలవాటు కొద్దీ వేళ్లు వదిలేశాను. బంతి నా కాళ్ల దగ్గరే పడింది. బ్యాటు వల దాటిపోయి, ఆట చూస్తూ కూర్చున్న పెద్ద టీచరమ్మ కుర్చీ కింద పడింది.

"వదలాల్సింది బ్యాటును గాదు తల్లీ, సిగ్గును" అంది పిన్నమ్మ.

వదిలేశాను. ఆ దెబ్బ చేతికి చిక్కాక నన్ను పట్టేవాళ్లు లేరు. అంతలో ఒక పొద్దున మా నాన్న తండ్రి, జేజినాయన, నాకోసం జొన్నల మూట వేసుకుని బండి కట్టుకొచ్చి, నేను ఎగిరి కొడుతుంటే కళ్లారా చూశాడు. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. పెద్దమనిషైన పిల్ల పదిమందిలో చెయ్యెత్తి ఎగరడమేమిటి, చదివింది చాలు, బండెక్కమన్నాడు. పిన్నమ్మ ఎంత బతిమాలినా వినలేదు. చదువు పోతుందని భయమేసినా నా నోరు ఊరుకోలేదు.

"నీ చేలో మంచె మీద వడిసెల తిప్పేటప్పుడు ఈ చెయ్యి ఎవురికీ కనపడలేదా జేజినాయనా? ఆడ లేని సిగ్గు ఈడ యాడినుంచి వచ్చె? నేను రాను."

ఆయన బండి పగ్గం వదిలి నా దగ్గరికొచ్చాడు.

"అప్పుడు పంట కోసరం తిప్పినావు. ఇది ఎవురి కోసరం?"

"నా కోసరం" అన్నాను.

ఆయన జొన్నల మూట దించి పిన్నమ్మ గడప లోపల పెట్టి, ఒక్కడే బండెక్కి వెళ్లిపోయాడు.

కాలం జేజినాయన లాగా ఎదురుగా నిలబడి అడగదు, జవాబిస్తే వెనక్కి పోదు. చప్పుడు లేకుండా చేతిని కిందికి లాగుతూనే ఉంటుంది. డాక్టరు మాట అట్లా ఉంచి, రోజూ పొద్దున గోడ పట్టుకుని చేతిని చెవి దాటించి చూస్తున్నాను. దించడం కాలం పని, ఎత్తడం నా పని.