బాబుగారూ, కాస్త ఆగండి

ఆ రోజుల్లో అంటే మరీ జట్కాబళ్ళ కాలం అనుకునేరు. అమ్మ చేతికి అప్పటికే టచ్ ఫోను వచ్చింది, నేను వట్లూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను, ఏలూరు ఎండలు ఇప్పటిలాగే మాడ్చేసేవి. తేడా అంతా అసూయలోనే. ఇప్పుడు కుళ్ళుకోవాలంటే ఫోను తెరిస్తే చాలు, వందమంది కనపడతారు. ఒకరి కొత్త ఇల్లు, ఇంకొకరి ఊటీ ఫొటో, ఏ ఒక్కదాని మీదా మనసు నిలవదు. అప్పుడలా కాదు. నా అసూయ మొత్తం ఎటూ చెదిరిపోకుండా ఒక్క మనిషి మీదే ఉండేది. ఆ మనిషి మా గూడెం వదిన.

వదిన అంటే అన్నయ్య పెళ్ళాం కాదు. (నాకు అన్నయ్యే లేడు.) తాడేపల్లిగూడెంలో ఉండే మా మేనత్త కూతురు. నాకంటే రెండు నెలలు పెద్ద. ఆ రెండు నెలల పుణ్యాన చిన్నప్పట్నుంచీ నేను ఆవిణ్ణి వదినా అని పిలవాలి, ఆవిడకి పొట్టయిపోయిన గౌన్లు నేను తొడుక్కోవాలి. "వదిన జడ చూడవే, వదిన చేతిరాత చూడవే, అన్నం ఎంత నెమ్మదిగా తింటుందో చూడవే" అని అమ్మ పొద్దస్తమానం చూడమనేది. నేను చూసేదాన్ని. చూసినకొద్దీ ఒళ్ళు మండేది.

అలాంటి నా జీవితంలోకి గుర్రం వచ్చింది. వట్లూరు అవతల ఒక ఖాళీ స్థలం కౌలుకి తీసుకుని మాస్టారొకాయన గుర్రపుస్వారీ నేర్పడం మొదలుపెట్టారు. ఏలూరులో తరతరాలుగా జట్కాలు తోలిన ముస్లిం కుటుంబం ఆయనది. ఆయన మాత్రం పోలీసు గుర్రాల దళంలో పనిచేసి రిటైరై వచ్చారు. మా నాన్నకి కొల్లేటి పక్క చేపల చెరువులుండేవి. ఆ ఏడు చేప బాగా పట్టింది, ఎవరో డాక్టరుగారి పిల్లలు స్వారీకి వెళుతున్నారని విన్నారు, నన్నూ చేర్పించేశారు. నేను గుర్రం మీద కూర్చుని మొట్టమొదట అనుకున్నది ఏమిటంటే, ఇది వదినకి లేదు. ఆ సంతోషం కొద్ది వారాలే నిలిచింది. అమ్మ ఉండబట్టలేక ఫోనులో అత్తయ్యకి గొప్పలు చెప్పింది. పై ఆదివారం పొద్దున్నే గూడెం నుంచి పాసింజరు దిగి వదిన మా గుమ్మంలో ప్రత్యక్షం. "అత్తయ్యా, నేనూ నేర్చుకుంటా" అంది. అమ్మ ముచ్చట పడిపోయింది. ఎవరికి ముచ్చటో, ఎవరికి మంటో, ఆ ఇంట్లో పట్టించుకున్న వాళ్ళు లేరు.

మాస్టారి దగ్గరున్న వాటిలో పోటీలకి పనికొచ్చే గుర్రం ఒక్కటే. తెల్లగా, కాస్త వయసు మళ్ళి, హైదరాబాదు పందాల నుంచి తప్పుకుని వచ్చింది. దాని పాస్‌పోర్టులో ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉండేది. (అవునండీ, పోటీకెళ్ళే గుర్రానికి పాస్‌పోర్టు ఉండాలి, టీకాలన్నీ అందులో రాయాలి. అప్పటికి మా ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్టు లేదు.) మాస్టారు మాత్రం దాన్ని బాబుగారు అనేవారు. పిలవడమే కాదు, మాట్లాడ్డమూ అంతే. "పదండి బాబుగారూ. కాస్త ఎడంపక్కకి తిరుగుదురూ. ఆఁ, ఇక ఆగండి." ఎండలో చెమటలు కారుతున్నా, గుర్రం కాలు తొక్కినా, ఆ అండీ మాత్రం వదిలేవారు కాదు. ఒకసారి నేను తొందరలో "ఏయ్, ఆగు" అన్నాను. బాబుగారు వినిపించుకోనట్టు నన్ను మోసుకుని కంచె దాకా వెళ్ళిపోయాడు. మాస్టారు మెల్లగా వచ్చి, "అలా ఏకవచనంలో పిలిస్తే ఆయనెందుకు ఆగుతారమ్మా? నోరులేని జీవి కదా అని మర్యాద తగ్గించకూడదు" అన్నారు. అప్పట్నుంచీ నేను ఆ గుర్రానికిచ్చిన మర్యాద మా స్కూలు హెడ్‌మాస్టరుకి కూడా ఇవ్వలేదు.

మర్యాదలో నాకు తిరుగులేదు, ఎందుకంటే మాటల్లో నాకు తిరుగులేదు. గుర్రం ఎక్కింది మొదలు దిగేదాకా బాబుగారితో ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. లెక్కల టీచరు సంగతి, అమ్మ చేసిన ఉప్మా సంగతి, మధ్యమధ్యలో "కొంచెం జోరుగా వెళదామాండీ" అని. ఆదివారం ఆదివారం వచ్చే వదిన అసలు నోరు విప్పేది కాదు. నిటారుగా కూర్చుని, మోకాళ్ళతో ఒకసారి అలా అంటే చాలు, గుర్రం తిరిగేది. వెన్ను కాస్త బిగిస్తే ఆగేది. ఆవిడ దిగాక బాబుగారు ఆవిడ భుజం మీద మూతి ఆనించి నిలబడేవాడు. నాకు ముందు దొరికిన గుర్రం! నేను ఎన్ని క్యారెట్లు పెట్టాను! క్యారెట్లు నా దగ్గర తిని మూతి మాత్రం ఆవిడ భుజానికి తుడుచుకునేవాడు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ మూతిని చూసి నాకు ఏడుపొచ్చేది.

ఇలా ఉండగా విజయవాడ దగ్గర పిల్లల పోటీలు పెడుతున్నారని తెలిసింది. అందులో అర్హత సంపాదిస్తే హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి వెళ్ళొచ్చు. మాస్టారు నిబంధనల పుస్తకం తెప్పించి వేపచెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి చదివారు. వయసు లెక్క పుట్టినరోజుని బట్టి కాదట, పుట్టిన సంవత్సరాన్ని బట్టి. వదిన ఆగస్టు, నేను అక్టోబరు, ఇద్దరం ఒకే విభాగం. ఇంకో మూడు నెలలు ఆగి జనవరిలో పుట్టి ఉంటే నేను కింది విభాగంలో ఉండేదాన్ని, వదిన మొహం చూడకుండా కప్పు తెచ్చుకునేదాన్ని. ఆ మాటే అమ్మతో అంటే, "అదేదో నా చేతుల్లో ఉన్నట్టు" అని విసుక్కుంది. ఒకే గుర్రం మీద ఇద్దరు పోటీ చెయ్యొచ్చు. కానీ ఒక స్వారీ బడి నుంచి ఒక విభాగంలో పైకి వెళ్ళేది ఒక్కరే. అదీ కనీస మార్కులు వస్తేనే. ఒక్కరే అన్న మాట దగ్గర నేను వదినని చూశాను. ఆవిడ పుస్తకం వైపే చూస్తోంది, మహా సాధువులాగా.

మేము పాల్గొనేది డ్రెస్సాజ్ అనే పోటీ. అందులో గుర్రం దూకక్కర్లేదు, పందెం పరిగెత్తక్కర్లేదు. గీత గీసినట్టు నడవాలి, గుండ్రంగా తిరగాలి, చెప్పిన చోట కదలకుండా ఆగాలి. మైదానం చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు నిలబెడతారు. ఎ పక్కన కె, దాని పక్కన ఇ, ఆ తర్వాత హెచ్. (ఏ బళ్ళో చదువుకున్నవాళ్ళు పెట్టారో నాకు ఇప్పటికీ తెలీదు.) ఇవన్నీ బట్టీపట్టేశాను. అప్పుడు మాస్టారు ఒక పేజీ దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "గుర్రంతో మాట్లాడకూడదటమ్మా. నాలుకతో చప్పుడు కూడా చెయ్యకూడదట. నోరు మెదిపిన ప్రతిసారీ మార్కులు కోస్తారట." ఆయన మొహం చిన్నబోయింది. "ఇదేం పద్ధతి? అడక్కుండా ఎవరినైనా ఎలా నడవమంటాం?" అన్నారు. బయటివాళ్ళు సాయం చేస్తే ఇక మార్కులు కోయడం ఉండదట, ఏకంగా పోటీలోంచి తీసేస్తారట. మిగతా రూల్స్ నాకు వినపడలేదు. నోరు మూసుకోవడమే పోటీ అయితే వదిన పుట్టుకతోనే అర్హత సాధించింది.

పట్టుదల మీద నేను మౌనం పట్టాను. ఇంట్లో కూడా. అన్నం కావాలంటే కంచం చూపించేదాన్ని. అమ్మ పక్కింటావిడతో, "ఈ గుర్రాలేవో ముందే నేర్పించాల్సిందండీ, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అంది. బాబుగారికి మాత్రం నచ్చలేదు. నేను మాట్లాడకుండా ఎక్కి కూర్చుంటే మెడ తిప్పి, ఒంట్లో బాగాలేదా అన్నట్టు నా వంక చూసేవాడు. కదిలేవాడు కాదు. రోజూ సాధన చేసి చేసి, కాళ్ళు పుళ్ళు పడ్డాక, మెల్లగా నా మోకాలి మాట కూడా వినడం మొదలెట్టాడు. ఒక్క ఆగడం దగ్గరే పేచీ. ఆపడానికి నేను వెన్ను ఎంత బిగించినా, ఆయన తనకి తోచినప్పుడు ఆగేవాడు.

పోటీ రోజు బాబుగారిని గణపవరం నుంచి నాన్న మాట్లాడిన చేపల లారీలో తీసుకెళ్ళాం. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు, దిగేటప్పటికి ఆయనకీ అంటుకుంది. ముందు వదిన వంతు. తెల్ల ప్యాంటు, నల్ల కోటు, వలలో ముడిచిన జడ, బొమ్మలా ఉంది. బొమ్మలాగే చేసుకొచ్చింది కూడా. అర్హత మార్కులు దాటాయని మైకులో చెప్పారు. మాస్టారు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, అరచేతులు కలిసీ కలవనట్టుగా.

తర్వాత నేను. గంట మోగింది, పెదాలు లోపలికి మడిచి పళ్ళ మధ్య బిగించి లోపలికి వెళ్ళాను. ఏమైందో తెలీదు గానీ, ఆ రోజు బాబుగారు నా మనసులో మాట విన్నాడు. తిరగమన్నచోట తిరిగాడు, జోరు పెంచమంటే పెంచాడు, గుండ్రం గీస్తే గాజులా వచ్చింది. కంచె దగ్గర జనం మాటలు ఆపి చూస్తున్నారు. నేను వదిన కంటే బాగా చేస్తున్నానని నాకే తెలుస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అలా తెలియడం అదే మొదటిసారి. ఇక మిగిలింది చివరి మలుపు, నడిగీత మీద నడిచి మధ్యలో ఆగడం, తలవంచి నమస్కారం. అంతే. నడిగీత మీదకి వచ్చాం. వెన్ను బిగించాను. బాబుగారు ఆగలేదు. (ఆగబోతున్నాడు. ఇంకో అరడుగులో ఆగేవాడు. ఇది నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.) సరిగ్గా అప్పుడే కంచె పక్కనుంచి గట్టిగా, స్పష్టంగా, ఒక గొంతు వినపడింది. "బాబుగారూ, ఆగండి!"

ఎన్నడూ నోరు విప్పని మా గూడెం వదిన గొంతు అది.

బాబుగారు ఆగాడు. నాలుగు కాళ్ళూ తిన్నగా, చెవులు రిక్కించి, శిలలా ఆగాడు. ఆ రోజు మొత్తం మీద అంత చక్కగా ఆగిన గుర్రం ఇంకోటి లేదని తర్వాత అందరూ అన్నారు. న్యాయనిర్ణేత గంట మోగించింది. ఎవరినో అడిగి తెలుగులో అర్థం కనుక్కుని, ఎంతో విచారంగా, బయటి సాయం కింద నన్ను తీసేసింది. మాస్టారు వెళ్ళి, "అమ్మా, అది సాయం కాదండి, మా పక్క మర్యాద" అని బతిమాలారు. ఆవిడ వినలేదు.

వదిన ఏడ్చింది. "నువ్వు ఆగాల్సిన చోటు దాటేస్తున్నావని కంగారులో అరిచానే" అంది. అందరూ ఆవిణ్ణే ఓదార్చారు. ఓడింది నేను, మంచినీళ్ళు ఆవిడకి. హైదరాబాదు ఆవిడే వెళ్ళింది. గుర్రాన్ని పట్టుకునే మనిషి కావాలని నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ ఆవిడకి చెప్పుకోదగ్గ స్థానమేమీ రాలేదు. ఆ సాయంత్రం నేను రెండు ఐస్‌క్రీములు తిన్నాను.

తర్వాత నాన్న చెరువులు దెబ్బతిన్నాయి, నా స్వారీ ఆగిపోయింది, మాస్టారి స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. ఆ రోజు ఆవిడ నన్ను కాపాడబోయిందా, ముంచబోయిందా అన్న ప్రశ్న మాత్రం నా లోపల అలాగే ఉండిపోయింది. మొన్న వేసవిలో గూడెం వెళ్ళినప్పుడు ఇద్దరం వరండాలో కూర్చుని చింతచిగురు ఏరుతున్నాం. వదిన ఇప్పుడు కాలేజీ లెక్చరరు. జడ ఇప్పటికీ అంత పొడుగే. ఉండబట్టలేక అడిగేశాను. "నిజం చెప్పు వదినా. ఎందుకు అరిచావు?"

ఆవిడ చేతిలో పుల్ల అవతల పారేసింది. "నాకూ తెలీదే. కంగారు పడ్డ మాట నిజమే. కానీ ఆ రోజు నువ్వు దాని మీద వెళుతుంటే చూశాను. అసలు నువ్వు కూర్చున్నట్టే లేదు, మీరిద్దరూ ఒకటే అన్నట్టుంది. నాతో ఎప్పుడూ అలా నడవలేదది. కడుపు రగిలిపోయింది. అరిచింది దాన్ని ఆపడానికో, నిన్ను ఆపడానికో, ఆ క్షణంలో నాకే తెలీలేదు" అంది.

నాకు కోపం రావాలి. అందుకోసం కాసేపు చూశాను, రాలేదు. వదిన, మా గూడెం వదిన, ఆ జడా ఆ చేతిరాతా ఉన్న మనిషి, ఒక్క నిమిషం పాటు నన్ను చూసి కుళ్ళుకుంది! హైదరాబాదుకి బదులు నాకు దక్కింది ఇదా అని మనసులోనే తిప్పితిప్పి చూసుకున్నాను. తక్కువేం కాదనిపించింది. రైలు టైమైపోతోందని ఆవిడ గుర్తుచేస్తున్నా లేవకుండా, "ఏదీ, ఆ కడుపు రగిలిందన్నావే, అక్కణ్ణించి ఇంకోసారి చెప్పవా వదినా" అన్నాను.