చిరుతపులి స్టూడెంట్ పాస్

మొన్న కెనడాలో, మా గ్వెల్ఫ్‌లో సరుకుల కొట్టు ముందు కారులో కూర్చుని ఉంటే, పక్కన ఆగిన కారులోంచి వచ్చిన దరువుకి నా కాఫీ కప్పు మూత గడగడలాడింది. పాడేది ఎవరో తెలియదు గానీ ఆ దరువు తెలుసు. అది డెల్రాయ్ దరువు.

డెల్రాయ్ మా కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, జమైకావాడు. రోజూ నన్ను తన కారులోనే పనికి తీసుకెళ్లేవాడు. అందులో ఒకటే సీడీ, డ్యాన్స్‌హాల్ అనే జమైకా పాటలది. మొదటిరోజు రెండో పాట కూడా మొదటి పాటలాగే మొదలయ్యేసరికి తర్వాతి పాటకి బటన్ నొక్కాను. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. "సీడీ పాడైపోయింది, కొత్తది కొనుక్కో" అని సలహా కూడా ఇచ్చాను. ఆయన స్టీరింగ్ మీద వాలిపోయి నవ్వాడు. "దరువు ఒకటే. దాన్ని రిడిమ్ అంటాం. పాడేవాళ్లు పన్నెండుమంది. ఎవరి పాట వాళ్లది." ప్రతి పాటకీ ముందు పాడేవాడి పేరు గట్టిగా ప్రకటించేవాడు, పెళ్లిలో చదివింపులు చదివినట్టు.

భోజనాల బల్ల దగ్గర ఆయన పక్క కుర్చీ నాది. కారణం నా కథలు. శ్రీశైలం బస్సులో నా పక్క సీట్లో చిరుతపులి కూర్చుందని చెబితే కళ్లు తుడుచుకునేదాకా నవ్వేవాడు. పూర్తిగా అబద్ధమేం కాదు. బస్సు నిజమే.

ఇండియా నుంచి విద్యార్థులు వెల్లువలా దిగిన ఏడు, వరంగల్ నుంచి వచ్చిన శ్రావణి పార్ట్‌టైమ్‌కి చేరింది. ఒకరోజు నేను భోజనానికి ఆలస్యంగా వెళ్లేసరికి, నా కుర్చీలో కూర్చుని నా పులికథే ఇంగ్లీషులో చెబుతోంది: కండక్టర్ టికెట్ అడిగితే పులి స్టూడెంట్ పాస్ చూపించిందట. ఫొటోలో మచ్చలు తక్కువున్నాయేమిటని కండక్టర్‌కి అనుమానమట. డెల్రాయ్ బల్ల బాదాడు. నా కథకి ఆయన ఎన్నడూ బల్ల బాదలేదు. నా డబ్బా బల్ల మీద పెట్టి, తెలుగులో అడిగాను.

"నా పులిని ఎత్తుకుపోయావేం అమ్మాయ్?"

"పులి మీదే అంకుల్, ఎవరు కాదన్నరు? నేను పాస్ ఇప్పించిన, అంతే. పాపం, ఎన్నేండ్లు టికెట్ లేకుండ తిప్పుతరు దాన్ని?"

ఆ సాయంత్రం కారులో డెల్రాయ్‌ని నిలదీశాను, ఆ కుర్చీ ఎవరిదో తేల్చమని. ఆయన సీడీ పెట్టాడు. "వీళ్లలో దొంగ ఎవరో చెప్పు."

"దొంగలెవరూ లేరు" అన్నాను. ఉండబట్టలేక, "ఆ ఐదోవాడు మాత్రం అందరికన్నా బాగా పాడాడు" అన్నాను.

"అదీ నీ బాధ" అన్నాడు. "మరి ఆ అమ్మాయి పేరు చెప్పి ఒప్పుకో."

డెల్రాయ్ తను రిటైరైన రోజు ఆ సీడీని శ్రావణికిచ్చాడు. నాకు కౌగిలింత ఇచ్చాడు. ఆమె సీడీతో సహా వాంకూవర్ వెళ్లిపోయింది. డెల్రాయ్ ఇప్పుడు లేడు. సీడీ నాకెందుకివ్వలేదన్న మంట మాత్రం అలాగే ఉంది.

పులికథ ఇప్పటికీ చెబుతాను, పాస్‌తో సహా. జనం సరిగ్గా అక్కడే పడీపడీ నవ్వుతారు. "పాస్ సంగతి శ్రావణిది" అని ఒప్పుకుంటాను. డెల్రాయ్ అయితే పేరు ముందే చెప్పేవాడు. నేను నవ్వులన్నీ ఆగాక చెబుతాను.