గాలి గది పెరగని ఇరవై ఆరు గుడ్లు

2023 ఏప్రిల్. గిద్దలూరు చివర, కొమరోలు రోడ్డు వైపు మాకు రెండు గదుల ఇల్లు ఉంది. ముందు గదిలో నేను ఉంటాను, వెనక గదిలో ఇంక్యుబేటర్ ఉంటుంది. ఇంక్యుబేటర్ అంటే గుడ్లు పొదిగే పెట్టె. కోడిపెట్ట ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుని చేసే పని ఇది కరెంటుతో చేస్తుంది. మా ఆయన పోయిన తర్వాత నాకు అన్నం పెడుతున్నది ఈ పెట్టే. నాకు చదువు అంకెల వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. తిట్లు తీసేస్తానంది, సరే అన్నాను.

ఈ పనిలో వేడి చూసుకోవడం కష్టం కాదు. మీటరు మీద 37.5 నిలిస్తే చాలు. ప్రాణం తీసేది హ్యుమిడిటీ, అంటే గాలిలోని తేమ. గుడ్డు పెంకు నిండా కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి లోపలి నీరు రోజూ కొంచెం కొంచెం ఆవిరైపోవాలి. నీరు పోయిన కొద్దీ గుడ్డు లావు కొన దగ్గర ఖాళీ పెరుగుతుంది. దాన్ని ఎయిర్ సెల్ అంటారు, నేను గాలి గది అంటాను. పిల్ల పెంకు పగలగొట్టే ముందు ముక్కు ఆ గదిలోకి పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది. తేమ తక్కువైతే లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. ఎక్కువైతే గది పెరగదు, పిల్లకు ఊపిరి తీసుకునే చోటు ఉండదు. మా వైపు ఏప్రిల్ గాలి సంగతి తెలిసిందే, తడిబట్ట ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఎండుతుంది. అందుకే ఎండాకాలం పెట్టెలో రెండు ట్రేల నీళ్లు పెడతాను, గదిలో తడి గోతాలు కడతాను.

ఆ నెలలో ఒక పొద్దున, అర్ధవీడు నుంచి బస్సులు మారి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయేమో. చేతుల్లో స్టీలు గిన్నె, గిన్నె నిండా తవుడు, తవుడులో గుడ్లు.

"అక్కా, గుడ్లు పొదిగించేది ఈడేనా?"

"ఈడే. ఎవురమ్మా నువ్వు?"

"సువార్తమ్మ నా పేరు. నువ్వు నాకు తెలుసులే, నీకే నేను తెలీదు."

పది మంది దగ్గరికి పోయే బతుకు నాది, ఎక్కడో చూసి ఉంటుందిలే అనుకున్నాను. నీళ్లిచ్చి కూర్చోబెట్టాను. ఆమె జరిగింది చెప్పింది. నాలుగు రోజుల కింద ఇంట్లో అందరూ మిరపకాయల కోతకు పోయినప్పుడు వీధికుక్కలు గూడు విరగ్గొట్టాయి. పదకొండు పెట్టలు, రెండు పుంజులు. సాయంత్రం వచ్చేసరికి ఈకలు మాత్రం ఉన్నాయి.

"మా అమ్మ నాకు పెండ్లప్పుడు ఒక నల్లపెట్టను చంకలో పెట్టి పంపిచ్చిందక్కా. ఇయన్నీ దాని సంతానమే. ఎండకు తట్టుకుంటాయి, పిల్లల మీదికి గద్ద వస్తే ఎగిరి తంతాయి. అట్లాంటి కోళ్లు మా ఊర్లో ఇంకెవురికీ లేవు."

"ఎవురికన్నా పెంచుకోను ఇచ్చుంటావు గదా?"

"ఇచ్చినా. కోసుకోని తిన్నారు, ముండలు."

నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇంక ఈ ఇరవై ఆరే మిగిలినాయి. వంటింట్లో ఉండబట్టి కుక్కలకు దొరకలే. ఇయి పోతే మా అమ్మ కోళ్లు పోయినట్టే."

పెట్టి ఎన్నాళ్లయిందని అడిగాను. పది రోజుల లోపేనంది. పది రోజుల లోపు గుడ్లయితే పనికొస్తాయి. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాను. నున్నగా మెరుస్తోంది. మంచి మేత తిన్న కోళ్లు కాబోలు, ఎంత నిగనిగలాడుతున్నాయో అని మెచ్చుకున్నాను కూడా. ఇన్నేళ్లు గుడ్లు పట్టుకున్న చెయ్యి నాది. నాటుకోడి గుడ్డు సుద్ద రాసినట్టు మసకగా ఉంటుందని తెలుసు. తెలిసి కూడా ఆ మెరుపు చూసి మురిసిపోయాను.

పెట్టెలో ఒక పక్క ఆమెవి, ఇంకో పక్క నావి నలభై పెట్టాను.

ఏడో రోజు క్యాండ్లింగ్ చేశాను. చీకటి గదిలో గుడ్డు కింద లైటు పెట్టి లోపల ఏముందో చూడటమే క్యాండ్లింగ్. మధ్యాహ్నం తలుపు మూసి, కిటికీకి గోతం కట్టి, అట్టపెట్టెకు చిల్లి చేసి అందులో సెల్‌ఫోన్ లైటు పెడతాను. బతికిన గుడ్డులో మధ్యన చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలాగా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. సువార్తమ్మ గుడ్లలో పదిహేను అలా కనిపించాయి. అయిదింటిలో ఏమీ లేదు. ఆరింటిలో నరాలు లేవు, ఎర్రటి ఉంగరం ఒకటే ఉంది. ఉంగరం కనిపిస్తే మొలకెత్తి చచ్చిపోయినట్టు. ఆరు చావడం ఎక్కువే. పైగా బతికిన వాటిలో గాలి గది రూపాయి బిళ్లంత కూడా లేదు. తేమ ఎక్కువైందనుకుని ఒక ట్రే నీళ్లు తీసేశాను.

పద్నాలుగో రోజు మళ్లీ చూశాను. పిల్లలు నల్లగా గుడ్డు నిండా పెరుగుతున్నాయి, గది మాత్రం అంతే ఉంది. మీటరు చూస్తే హ్యుమిడిటీ నలభై కూడా లేదు. మీటరు చెడిపోయిందని దాన్ని నాలుగు తిట్లు తిట్టి, రెండో ట్రే కూడా తీసేశాను. నా గుడ్లు మాత్రం చూడలేదు. నా గుడ్లు పద్దెనిమిదో రోజే చూస్తాను, ప్రతిసారీ అంతే.

పద్దెనిమిదో రోజు గుడ్లు తిప్పడం ఆపి, నీళ్లు పెంచి, పెట్టె మూసేయాలి. దీన్ని లాక్‌డౌన్ అంటారు. ఆ రోజు ముందుగా నా గుడ్డు ఒకటి లైటు మీద పెట్టాను. గాలి గది సగం గుడ్డు దాకా దిగిపోయి ఉంది. ఇంకోటి పెట్టాను, అంతే. నీళ్లు లేక నావన్నీ ఎండిపోతున్నాయి. వెంటనే సువార్తమ్మ గుడ్డు పెట్టాను. దానికి గది పెరగనే లేదు. ఒకటే పెట్టె, ఒకటే గాలి. ఒక పక్క ఎండిపోతున్నాయి, ఒక పక్క నీరు బొట్టు కూడా దిగలేదు. మీటరు చెడలేదు. ఆ గుడ్డును పట్టుకుని తలుపు తీసి వెలుతురులోకి వచ్చాను. గోరుతో పెంకు మీద గీశాను. గోటికి జిడ్డు అంటింది.

వెంటనే ఫోన్ చేశాను.

"సువార్తా, గుడ్లకు ఏమన్నా పూసినావా?"

"ఆముదం పూసినా. పెట్టిన రోజే పూసి తవుడులో పెట్టినా. ఏం అక్కా?"

"ఆముదమా! ఎవురు చెప్పినారే నీకు ఈ పాడు తెలివి?"

ఆమె మెల్లగా అంది. "నువ్వే గదక్కా."

"నేనా?"

"కంభం సంతలో. నువ్వు గోనెపట్ట పరుచుకోని గుడ్లు అమ్మేదానివి గదా. ఇంటికి పోయేలోపు పాడైతాయేమో అంటే, 'కందిపప్పుకు పూసినట్టు ఆముదం పూసి పెట్టు, నెల దాకా చెక్కుచెదరవు' అన్న్యావు. అప్పట్నుంచీ మా ఇంట్లో ప్రతి గుడ్డుకూ పూస్తా."

ఫోన్ చేతిలో ఉండగానే గడప మీద కూర్చుండిపోయాను. నిజమే. పెట్టె కొనకముందు నేను సంతల్లో గుడ్లు అమ్మేదాన్ని. కందులకు, పప్పుకు ఆముదం పూస్తే పురుగు పట్టదని మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. గుడ్డుకు పూస్తే రంధ్రాలు మూసుకుపోయి నిలవ ఉంటుంది. తినే గుడ్డుకు అది మంచిదే. అమ్ముడుపోవాలని వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. రంధ్రాలు మూసినందుకే గుడ్డు పాడవదు, అవి మూసినందుకే లోపల ప్రాణం ఉంటే అది పోతుంది. ఆమె గుర్తుపెట్టుకుంది. నేను మర్చిపోయాను.

"అక్కా, తప్పు చేసినానా?" అంది ఫోన్‌లో.

"నువ్వు గాదు. నువ్వు రేపే రా" అన్నాను.

వచ్చింది. అప్పటికి ఆమెవి పదకొండు బతికి ఉన్నాయి. రెండు ట్రేల నీళ్లూ మళ్లీ పెట్టేశాను. పిల్ల బయటికొచ్చే మూడు రోజులు తేమ లేకపోతే ఎవరి గుడ్డైనా పొర ఎండిపోతుంది. ఇరవయ్యో రోజు ఇద్దరం చాప మీద కూర్చుని గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ముక్కు గాలి గదిలోకి వచ్చిన పిల్ల లోపల కీచుమంటుంది. అయిదింటిలో వినిపించింది. ఆ చిన్న గదిలో గాలి ఎంతసేపు ఆగుతుంది? దబ్బనం మంట మీద కాల్చి, లావు కొన నడిమధ్యన పెట్టి మెల్లగా తిప్పాను. ఊపిరి కోసం చిల్లి. ఒక్క నూలుపోగంత లోతుగా దిగినా నరం తెగుతుంది.

"నీ చెయ్యి వణుకుతాంది, ఇట్ల ఇయ్యి" అని సువార్తమ్మ దబ్బనం లాక్కుంది. "నాకు దుప్పట్లు కుట్టే చెయ్యి. నువ్వు పట్టుకో చాలు."

అయిదింటికీ ఆమే చిల్లి పెట్టింది.

మూడు పిల్లలు వచ్చాయి. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం దాకా చూసి, మిగిలినవి పగలగొట్టాను. అది నేను ఎప్పటికీ మర్చిపోలేను. పిల్లలు పూర్తిగా తయారై ఉన్నాయి. నల్లటి నూగు, గోళ్లు, ముక్కు మీద పెంకు పొడిచే తెల్ల చుక్క, అన్నీ ఉన్నాయి. ముక్కులు నీళ్లలో ఉన్నాయి. నిప్పులు చెరిగే ఏప్రిల్‌లో, మా గిద్దలూరులో, ఎనిమిది కోడిపిల్లలు నీళ్లలో మునిగి చచ్చిపోయాయి. నా నలభైలో పద్నాలుగే వచ్చాయి. మిగిలినవి ఎండిన పొర ఒంటికి అంటుకుని కదల్లేక పోయాయి. దానికీ నేనే కారణం.

నా పద్నాలుగూ తీసుకుపొమ్మన్నాను. సువార్తమ్మ ఒప్పుకోలేదు. మూడింటినీ గుడ్డలో చుట్టుకుని అదే గిన్నెలో పెట్టుకుంది.

"నీవి నాకెందుకక్కా? నాకు మా అమ్మవి గావాల."

రెండున్నర నెలలకు ఫోన్ చేసింది. పిల్లలకు తల మీద ఎర్రటి తురాయి వచ్చే వయసు, ఏది పుంజో ఏది పెట్టో తెలిసే వయసు. ఆ ఫోన్ ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు. రెండోసారి మోగితే ఎత్తాను.

"మూడూ పుంజులేనక్కా."

పుంజులు మూడుంటే ఏం లాభం, గుడ్డు పెట్టేది ఎవరు? సారీ చెప్పానో, ఏడ్చానో గుర్తులేదు. ఆమే అంది: "ఏడవగాకు. నీ పెట్టలు రెండు ఇస్తావా? పెట్టలు నీయి, పుంజు మాది. పుట్టేటియి సగమన్నా మా అమ్మవైతాయి."

మూడు పెట్టలు పట్టుకుని అర్ధవీడు బస్సెక్కాను. ఆ పెట్టల గుడ్లు ఇప్పుడు నా దగ్గరికే వస్తున్నాయి. నల్లపిల్లలు కొన్ని పుడుతున్నాయి, బూడిద రంగువి కొన్ని. గద్దను ఎగిరి తన్నే పెట్ట మాత్రం ఇంకా పుట్టలేదని సువార్తమ్మ చెబుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను హ్యుమిడిటీ ఎంత పెట్టాలని అడుగుతారు. అంకె చెబుతాను. దానికంటే ముందు, గాలి గది పెరగకపోతే నీళ్ల ట్రే మీద చెయ్యి వేయకండి, పక్క గుడ్లు కూడా చూడండి అని చెబుతాను. గుడ్లు తెచ్చిన వాళ్లను, ఇంట్లో వాటిని ఎక్కడ పెట్టారు, ఏం పూశారు, దేంతో కడిగారు అని అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకొకటి ఉంది, అది ఎవరికీ నేర్పలేను. సంతల్లో ఆరేళ్లు అమ్మాను. ఆముదం మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. "తినే గుడ్లకే" అన్న చివరి మాట ఒక్కరికీ చెప్పలేదు. పొదిగించే గుడ్డు ఎవరు తెచ్చినా ముందు గోరుతో గీసి చూస్తున్నాను. రెండేళ్లలో నాలుగుసార్లు గోటికి జిడ్డు అంటింది.