సముద్రం పడని సరంగు

ఓడ ఎక్కి ముప్ఫై ఏళ్ళయినా సరంగుగారికి సముద్రం పడదు. ఇదేమీ ఆయన దాచుకున్న రహస్యం కాదు. ఎవరు ఎదురైనా ముందు ఆ సంగతే చెప్పేవారు. ఎర్ర బాల్చీ చంకలో పెట్టుకుని, కళ్ళు తేలేసి, "అయిపోయిందమ్మా నా పని" అంటూ డెక్కంతా తిరిగేవారు. తాళ్ళూ తెరచాపలూ పనివాళ్ళూ అన్నీ ఆయన చేతికిందే. బాల్చీలోకి వంగినవారు వంగినట్టే "ఒరేయ్, ఆ తాడు వదులైందిరా!" అని ఓ కేకేసి, మళ్ళీ మూలుగు అందుకునేవారు.

ఇప్పుడు సొంతంగా ఓడ నడిపే కెప్టెనమ్మకి ఆ వేసవి శిక్షణ యాత్ర తలుచుకుంటే ముందు ఆ మూలుగే వినిపిస్తుంది. అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు. నాన్న బస్సు డ్రైవరు. ఆ బస్సులో ఆయన వెనక సీట్లోనే కూర్చుని, రెండు స్టాపులు దాటకుండా వాంతి చేసుకునే పిల్ల. అలాంటి పిల్ల ఓడ ఎక్కుతానంటే మేనత్త కడుపుబ్బ నవ్వి, "వారం తిరక్కుండా వచ్చేస్తుంది, దీని మంచం తియ్యకండి" అంది.

ఆ మాట నిజమయ్యేలాగే ఉంది. ఓడ కదిలిన ఆరో రోజు సాయంత్రానికి మొదటి రేవు వస్తుంది. ఆలోగా చుక్కాని చక్రం పట్టుకుని నాలుగు గంటలు ఏకబిగిన నిలబడలేనివాళ్ళని అక్కడే దింపి రైలెక్కిస్తారు. ఈ విషయంలో చీఫ్ ఆఫీసరు కన్నతండ్రి చెప్పినా వినడు.

ఓడ ఎక్కిన రోజే సరంగుగారు బాల్చీ ఒళ్ళో పెట్టుకుని కనిపించారు.

"ఏమైంది బాబాయ్?"

"కడుపులో తిప్పేస్తోందమ్మా."

"ఓడ ఇంకా రేవుకి కట్టేసే ఉంది కదా!"

"రేపు కదుల్తుందిగా. ముందే మొదలుపెడితే ఓ పనైపోతుంది."

శిక్షణకొచ్చిన పన్నెండుమందిలో కండలు తిరిగినవాడొకడున్నాడు. అందరూ వస్తాదనేవాళ్ళు. "ముసలాయనకి తోడు నువ్వున్నావులే" అని ఆమెని చూసి పకపకా నవ్వాడు.

మర్నాడు తీరం కనుమరుగు కాకముందే ఆమె డెక్కు అంచున కమ్మీ పట్టుకుని వేళ్ళాడింది. రెండో రోజు గుక్కెడు నీళ్ళు కూడా నిలవలేదు. మూడో రోజు ఏడుస్తూ పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో ఎర్ర బాల్చీ, దాని వెనక సరంగుగారు.

"సర్దుకోవడం తర్వాత, ముందు నా గతి చూడు. చుక్కాని దగ్గర డ్యూటీ నాది. కళ్ళు తిరిగి ఏమీ ఆనడం లేదు. కాస్త నా బదులు పట్టుకో తల్లీ."

"నాకు నిలబడే ఓపికే లేదు బాబాయ్!"

"నాకు కూర్చునే ఓపిక కూడా లేదు. ఇద్దరిలో నువ్వే గట్టిదానివి."

కాదనలేక వెళ్ళింది. ఆయన పక్కనే చతికిలబడి బాల్చీ కావలించుకున్నారు.

"ఆకాశమూ నీళ్ళూ కలిసేచోట గీత ఉంటుంది, అది ఎక్కడుందో చూసి చెబుతూ ఉండు. చూపు తిప్పావో, నా ప్రాణం పోయినట్టే."

"ఎదురుగానే ఉంది."

"ఇప్పుడో?"

"అక్కడే ఉంది బాబాయ్, ఎక్కడికి పోతుంది!"

"ఏమో, నాకు నమ్మకం లేదు. మళ్ళీ చూడు."

గంటసేపు ఆయన్ని కసురుకోవడంలోపడి ఆమె తన కడుపు సంగతే మర్చిపోయింది. నాలుగో రోజు రెండు గంటలు నిలబడి, రొట్టె ముక్క తింది. ఐదో రోజు మూడు గంటలు నిలబడింది.

ఆరో రోజు పొద్దున్నే గాలి లేచింది. ఓడ ఒక పక్కకి వాలితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. చీఫ్ ఆఫీసరు గడియారం చూసుకుంటూ, చక్రం పట్టుకున్న ఆమె వెనక నిలబడ్డాడు.

"గీత ఉందా తల్లీ?"

"ఉంది బాబాయ్!"

ఓ కెరటం లేచి గీతని మింగేసింది. "లేదు బాబాయ్!"

"వస్తుందిలే, ఆగు."

వచ్చింది. మధ్యాహ్నానికి నాలుగు గంటలూ నిండాయి. "ఉండొచ్చు" అని ఒకే ఒక్క మాట అని చీఫ్ ఆఫీసరు దిగిపోయాడు. చక్రం తర్వాతి మనిషికి అప్పగించి, ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

తిరిగి చూస్తే సరంగుగారు లేరు. ఈ గాలికి పాపం ఏమైపోయారో అని, నిమ్మనీళ్ళు కలపడానికి వంటగదికి పరిగెత్తింది. అక్కడ సరంగుగారు జారిపోతున్న పళ్ళాన్ని మోచేత్తో ఆపుతూ, వేయించిన చేపలు లాగించేస్తున్నారు.

వంటాయన ఇంకో రెండు వడ్డిస్తూ, "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా. గాలి లేస్తే ఈయన ఆకలి రెట్టింపవుతుంది" అన్నాడు.

ఆమె బాల్చీలోకి తొంగి చూసింది. అది పొడిగా ఉంది. అడుగున రెండు అరటిపళ్ళున్నాయి. మోసం చేసినందుకు కోపం రావాలి కదా, రాలేదు. ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

"కడుపులో తిప్పుతోందా బాబాయ్?"

నోట్లో చేపముక్క అలాగే ఉంది. "ఇప్పుడిప్పుడే... సర్దుకుంటోందమ్మా."

ఇంతలో గోడలు పట్టుకుంటూ వస్తాదు వచ్చాడు. ముఖం పాలిపోయింది. రేవు చేరేలోగా అతని వంతు ఇంకా మిగిలే ఉంది. ఆమెని చూసి సిగ్గుతో తల దించుకున్నాడు.

సరంగుగారు చప్పున పళ్ళెం వంటాయన చేతికిచ్చి, బాల్చీ మీదికి వాలి, "అయిపోయిందిరా నా పని!" అని మొదలుపెట్టారు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ఆయన పక్కనే చతికిలబడి, కడుపు పట్టుకుని, "అమ్మోయ్! చచ్చిపోతున్నానమ్మోయ్!" అని ఓడ అదిరేలా కేకేసింది.

వస్తాదు ముఖంలోకి కాస్త కళ వచ్చింది. "నీక్కూడానా?" అన్నాడు ఆశగా.

సరంగుగారు తల కొద్దిగా ఎత్తి ఆమె చెవిలో గొణిగారు.

"కొంచెం తగ్గించమ్మా. పట్టుబడిపోతాం."